చెరువు గట్టు మీద 6.1, మేనల్లుడి బ్యాగులో కొత్త కెర్నల్: నా అనుభవం

లినక్స్ వాడేవాళ్లంతా ఎప్పుడో ఒకప్పుడు కెర్నల్.ఆర్గ్ తెరిచి అక్కడి కెర్నళ్ల పట్టిక ముందు ఆగిపోతారు. కెర్నల్ అంటే లినక్స్ గుండె, ప్రోగ్రాములకీ హార్డ్‌వేర్‌కీ మధ్య నిలబడే భాగం. పైన మెయిన్‌లైన్ (ఇంకా తయారవుతున్నది), దాని కింద స్టేబుల్ (తాజాగా విడుదలైనది), ఆ కింద లాంగ్‌టర్మ్ (ఏళ్ల తరబడి మరమ్మతు చేసేవి) అని వరసగా నాలుగైదు నంబర్లు. ఏది వేసుకోవాలి? నేను భీమవరంలో కంప్యూటర్లు అమ్మి, బాగుచేసే చిన్న షాపు నడుపుతాను. 2023 జూన్‌లో డెబియన్ అనే లినక్స్ డిస్ట్రిబ్యూషన్‌ 12వ వెర్షన్ వచ్చాక నా చేతి మీదుగా మూడు మిషన్లకి అదే ఎక్కించాను. మూడూ ఒకే 6.1 కెర్నల్‌తో మొదలయ్యాయి. ఆర్నెల్లు తిరక్కుండానే మూడూ మూడు దారులు పట్టాయి. ఎందుకలా పట్టాయో, నేను దేనికి ఏది ఎందుకు ఉంచానో రాస్తే ఇదే సందేహంలో ఉన్నవాళ్లకి పనికొస్తుందని రాస్తున్నాను.

మొదటిది మా బావగారి రొయ్యల చెరువు గట్టు మీద ఉంది. కాళ్ళ మండలంలో, తారు రోడ్డు దిగి పంట కాలవ గట్టు వెంట పోవాలి. వర్షం పడితే బండి దిగబడిపోద్ది, నడకే. ఏరేటర్ల స్టార్టర్లు, జనరేటర్, మేత బస్తాలు ఉండే షెడ్డులో ఓ మూల చెక్క మీద సెకండ్ హ్యాండ్ మినీ పీసీ బిగించాం. కావాలనే ఫ్యాన్ లేనిది చూసి తెచ్చాను. ఉప్పుగాలి, మేత దుమ్ము కలిస్తే ఫ్యాన్లు బతకవు. ఒక పోర్టులో యూఎస్‌బీ నుంచి ఆర్‌ఎస్ 485కి మార్చే కన్వర్టర్, దాని అవతల కొసన నీళ్లలో వేలాడే డీవో (కరిగిన ఆక్సిజన్) సెన్సర్. ఇంకో పోర్టులో 4జీ డాంగిల్. నీళ్లలో ఆక్సిజన్ ఎంతుందో నిమిషానికోసారి చదివి, నాలుగు పీపీఎం కిందకి దిగితే బావగారి ఫోన్‌లోనూ కాపలా కుర్రాడి ఫోన్‌లోనూ అలారం మోగించడం దాని పని.

చెరువు తెలియనివాళ్లకి ఒక్క మాట. పగలు ఎండ ఉన్నంతసేపూ నీళ్లలోని పచ్చదనం ఆక్సిజన్ వదులుతుంది. రాత్రి అదీ పీలుస్తుంది, రొయ్యా పీలుస్తుంది. తెల్లవారుజాముకి డీవో అడుగంటుతుంది. అప్పుడు కరెంటు పోయి, జనరేటర్ వేసే మనిషి నిద్రపోతే వనామీ రొయ్య పంట మొత్తం పొద్దున్నే తేలిపోద్ది. కాబట్టి ఆ పెట్టె తెల్లవారుజామున మూడు నుంచి ఆరు దాకా బతికుంటే చాలు, మిగతా ఇరవై ఒక్క గంటలూ ఏం చేసుకున్నా బావగారికి పట్టింపు లేదు.

రెండోది మా మేనల్లుడి లాప్‌టాప్, బావగారి అబ్బాయే. ఇక్కడే ఇంజినీరింగ్ చదువుతున్నాడు. మూడోది నా షాపులో బిల్లింగ్ డెస్క్‌టాప్, అందులో పాత గ్రాఫిక్స్ కార్డు ఒకటి.

చిక్కు ముందు లాప్‌టాప్ దగ్గర వచ్చింది. డెబియన్ 12 ఎక్కించాం, స్క్రీను వచ్చింది, సౌండు వచ్చింది, వైఫై లేదు. అసలు వైఫై అనే గుర్తే లేదు. లోపలి చిప్పులు చూపించే ఎల్‌ఎస్‌పీసీఐ కమాండు కొట్టి చూస్తే వైఫై చిప్ ఆర్‌టీఎల్ 8852బీఈ. దాని డ్రైవర్ లినక్స్ కెర్నల్‌లోకి వచ్చింది 6.2లో. డెబియన్ 12లో ఉన్నది 6.1. ఒక్క మెట్టు కింద ఆగిపోయాం. 6.1 విడుదలైంది 2022 డిసెంబర్‌లో, 6.2 వచ్చింది 2023 ఫిబ్రవరిలో. రెండు నెలల తేడాకి వాడు వైఫై లేకుండా కూర్చున్నాడు.

"మావయ్యా, లాంగ్‌టర్మ్ అంటే ఎన్నేళ్లయినా అప్‌డేట్లు వస్తాయన్నావు కదా, వైఫై కూడా వస్తదిలే" అన్నాడు.

రాదు. చాలామంది పొరబడేది ఇక్కడే. లాంగ్‌టర్మ్ కెర్నల్‌కి వచ్చే అప్‌డేట్లన్నీ మరమ్మతులే. లినక్స్ పుట్టించిన లైనస్ టోర్వాల్డ్స్ తొమ్మిది పది వారాలకోసారి కొత్త కెర్నల్ విడుదల చేస్తాడు. విడుదలవగానే రెండు వారాలు తలుపు తెరుస్తారు, కొత్త సరుకంతా అప్పుడే లోపలికి వస్తుంది. తలుపు మూశాక ఆర్‌సీ1 (రిలీజ్ క్యాండిడేట్, అంటే పరీక్షకి వదిలేది) మొదలుకుని వారానికొకటి చొప్పున ఆర్‌సీ7 దాకా, ఒక్కోసారి ఆర్‌సీ8 దాకా తప్పులు ఏరడమే పని. ఒక్కో విడుదలలో పదివేలకి పైగా మార్పులుంటాయి. ఆ వచ్చిన కెర్నల్‌ని స్టేబుల్, లాంగ్‌టర్మ్ చూసుకునే గ్రెగ్ క్రోవా-హార్ట్‌మన్, సాషా లెవిన్ తమ చేతిలోకి తీసుకుని, తర్వాత బయటపడిన తప్పులకి సవరణలు మాత్రమే అందులోకి దించుతారు. ఆ సవరణ ముందు లైనస్ దగ్గరున్న అసలు చెట్టులోకి వెళ్లి ఉండాలి, నిజంగా ఎవరినో ఇబ్బంది పెడుతున్న తప్పుకి మందై ఉండాలి. ఇప్పటికే ఉన్న డ్రైవర్‌కి కొత్త పరికరం నంబరు ఒకటి చేర్చడం దాకా ఒప్పుకుంటారు. కొత్త చిప్‌కి కొత్త డ్రైవర్ మొత్తంగా తెచ్చి పెట్టడం అందులో ఇమడదు. 6.1కి ఎన్ని వందల అప్‌డేట్లు వచ్చినా ఆ వైఫై వెలగదు.

అప్పుడు బావగారు షాపులోనే ఉన్నారు, మేత బిల్లు కట్టడానికి టౌన్‌కి వచ్చి. అంతా విని, "అంటే మన స్వర్ణ వరి లాగా అన్నమాట. మారుటేరు వరి పరిశోధన కేంద్రం వాళ్లు 1982లో వదిలారు, ఇప్పటికీ ఊళ్లో సగం చేలు అవే" అన్నారు. పోలిక బాగానే ఉంది గానీ పూర్తిగా అతకదు. స్వర్ణ గింజ అప్పుడెలా ఉందో ఇప్పుడూ అలాగే ఉంది. 6.1 మాత్రం వారం పది రోజులకోసారి లోపల మారుతూనే ఉంటుంది. పైకి నంబరు కదలదు, రెండో చుక్క తర్వాత ఉన్న అంకె (6.1.64లో 64 లాంటిది) కదులుతుంది. ఇది తర్వాత నాకు గట్టిగా పట్టుకున్న సంగతి, చెప్తాను.

లాప్‌టాప్‌కి చేసింది ఇదీ. ఫోన్‌కి యూఎస్‌బీ తీగ పెట్టి టెథరింగ్‌తో నెట్ ఇచ్చాం. డెబియన్‌లో బ్యాక్‌పోర్ట్స్ అని ఒక విడి అర ఉంటుంది, ముందు ముందు రాబోయే డెబియన్ కోసం తయారవుతున్న ప్యాకేజీలని ఇప్పుడున్న డెబియన్ మీద నడిచేలా కట్టి అందులో పెడతారు. ఆ అర తెరిచి కెర్నల్ ఒక్కటీ, దానితో పాటు ఫర్మ్‌వేరూ (చిప్ లోపల నడిచే సాఫ్ట్‌వేర్) దించాం. ఫర్మ్‌వేర్ కూడా అక్కడి నుంచే తీసుకోవాలి, కెర్నల్ కొత్తదైతే అది అడిగే ఫర్మ్‌వేర్ ఫైలు పేరు కూడా మారిపోయి ఉండొచ్చు. రీబూట్ చేస్తే వైఫై వచ్చేసింది. మిగతా సిస్టమ్ అంతా పాతదే, కెర్నల్ మాత్రమే కొత్తది. ఇలా కలపడం కుదురుతుందా అని భయపడేవాళ్లుంటారు. కుదురుతుంది. బయటి ప్రోగ్రాములకి కెర్నల్ ఇచ్చిన మాట తప్పకూడదన్నది లైనస్ ఏళ్ల తరబడి కర్ర పట్టుకుని నిలబెడుతున్న నియమం. నిన్న నడిచిన ప్రోగ్రాము ఇవాళ్టి కెర్నల్ వల్ల ఆగిపోతే తప్పు కెర్నల్‌దే అంటాడు.

కెర్నల్ లోపలి భాగాలకి ఆ మాట లేదు. అది నా బిల్లింగ్ డెస్క్‌టాప్ చూపించింది.

మేనల్లుడి లాప్‌టాప్ చూసిన ఉత్సాహంలో ఇదీ ఒకసారి చూద్దామని బిల్లింగ్ మిషన్‌కి కూడా బ్యాక్‌పోర్ట్స్ కెర్నల్ పెట్టాను, పాతది తియ్యకుండా పక్కన. అందులో ఉన్న గ్రాఫిక్స్ కార్డుకి కంపెనీ విడిగా ఇచ్చే డ్రైవర్ ఉంది, కెర్నల్ చెట్టులో లేనిది. కొత్త కెర్నల్ వచ్చినప్పుడల్లా డీకేఎంఎస్ అనేది ఆ డ్రైవర్‌ని మళ్లీ కంపైల్ చేస్తుంది. ఈసారి ఎర్ర అక్షరాల్లో నిలువెత్తు తప్పులు కక్కి, చివర బ్యాడ్ ఎగ్జిట్ స్టేటస్ 2 అని ఆగింది. లాగ్ ఫైలు తెరిస్తే సంగతి చిన్నదే, కెర్నల్ లోపలి ఒక ఫంక్షన్‌కి ఇదివరకు ఇచ్చే వివరాల్లో ఒకటి ఇప్పుడు తీసేశారు, డ్రైవర్ ఇంకా పాత లెక్కనే అడుగుతోంది. కంపెనీ ఆ పాత కార్డు వైపు చూడటం మానేసింది కాబట్టి సరిచేసే నాథుడు లేడు. లోపలి అమరిక ఎప్పుడైనా మార్చుకుంటాం, బయట డ్రైవర్ పెట్టుకున్నవాళ్లు తంటాలు పడాల్సిందే అని కెర్నల్ వాళ్లు దాచకుండా చెప్తారు. గ్రెగ్ దాని మీద పెద్ద వ్యాసమే రాసి కెర్నల్ డాక్యుమెంటేషన్‌లో పెట్టాడు. ఒకే లాంగ్‌టర్మ్ లోపల మాత్రం ఆ అమరిక పెద్దగా కదలదు. అందుకే బయటి డ్రైవర్ మీద ఆధారపడ్డ మిషన్‌ని లాంగ్‌టర్మ్ మీద ఉంచడం తప్ప గతి లేదు. బూట్ మెనూలో 6.1 ఎంచుకున్నాను, బిల్లులు మళ్లీ మొదలయ్యాయి.

ఇక లాప్‌టాప్. కొత్తది వేశాం, అయిపోయింది అనుకోవడానికి లేదు. స్టేబుల్ అని ఉన్న కెర్నల్ ఆయుష్షు తర్వాతిది వచ్చేదాకానే, ఆ పైన ఇంకో రెండు మూడు వారాలు దయ. 6.7 విడుదలైంది 2024 జనవరి మొదటివారంలో, ఏప్రిల్ మొదటివారానికి దాని పని ముగిసింది. ఆ తర్వాత అందులో బయటపడే రంధ్రాలు ఎవరూ పూడ్చరు. మావాడి లాప్‌టాప్‌లో బ్యాక్‌పోర్ట్స్ నుంచి 6.5, 6.6, 6.7, తర్వాత 6.9 అలా మారుతూ పోయాయి. ఒక్కోసారి కెర్నల్.ఆర్గ్ ఒక నంబరుని ముగించేసినా బ్యాక్‌పోర్ట్స్‌లో తర్వాతిది ఇంకా వచ్చి ఉండదు. డెబియన్ వాళ్లు కూడా బ్యాక్‌పోర్ట్స్‌కి భద్రతా సవరణలు మామూలు స్టేబుల్ అంత వేగంగా వస్తాయని హామీ ఇవ్వరు. కొత్తది కావాలనుకుంటే ఆ పరుగు ఆపకూడదు. నా షాపుకి వచ్చే లినక్స్ మిషన్లలో నాకు బాగా చిరాకు తెప్పించేవి ఇవే: ఎవరో కుర్రాడు యూట్యూబ్ చూసి ఆ రోజుకి కొత్తదైన కెర్నల్ చేత్తో ఎక్కించి, తర్వాత దాని మొహం చూడడు. రెండేళ్ల తర్వాత అది కొత్తదీ కాదు, ఎవరూ మరమ్మతు చేసేదీ కాదు. దానికన్నా పదేళ్ల నాటి లాంగ్‌టర్మ్ మీద ఉన్నవాడు నయం అని అనను, ఎందుకంటే దానికీ గడువు దాటింది. కానీ గడువు లోపల ఉన్న ఏ లాంగ్‌టర్మైనా దీనికన్నా మేలు.

మావాడు ఆ పరుగు ఇష్టంగానే చేశాడు. 6.6లో ఈఈవీడీఎఫ్ అనే కొత్త షెడ్యూలర్ వచ్చింది. ఏ ప్రోగ్రాముకి ప్రాసెసర్ ఎప్పుడు ఎంతసేపు ఇవ్వాలో నిర్ణయించేది. అది వచ్చిన రోజున షాపుకొచ్చి, "విను మావయ్యా, ఫ్యాన్ శబ్దం తగ్గింది" అని లాప్‌టాప్ నా చెవి దగ్గర పెట్టాడు. ఎదురుగా జ్యూస్ షాపు మిక్సీ తిరుగుతోంది, నాకేం వినపడలేదు. కుర్రాళ్ల సంతోషం ఎందుకు పాడుచెయ్యాలని తలూపాను.

తర్వాత వాడు డెబియన్ వదిలేసి, ఎప్పటికప్పుడు తాజా ప్యాకేజీలిచ్చే ఆర్చ్ అనే డిస్ట్రిబ్యూషన్‌కి వెళ్లాడు. అక్కడ ఒక తమాషా. ఒకరోజు ప్రాజెక్టు ఫైళ్లు ప్రింటు తీయించాలని పెన్‌డ్రైవ్ పెడితే లాప్‌టాప్ పట్టించుకోవట్లేదు. పోర్టు పోయిందని నా దగ్గరకి తెచ్చాడు. పోర్టుకేం కాలేదు. పొద్దున్న అప్‌డేట్ కొట్టాడు, రీబూట్ చెయ్యలేదు. నడుస్తున్నది పాత కెర్నల్, డిస్క్ మీద దాని మాడ్యూళ్ల (అవసరమైనప్పుడు ఎక్కే డ్రైవర్ ముక్కల) ఫోల్డర్‌ని అప్‌డేట్ తీసేసి కొత్త కెర్నల్‌ది పెట్టింది. పెన్‌డ్రైవ్‌కి కావాల్సిన మాడ్యూలు అప్పటిదాకా ఎక్కి ఉండలేదు, ఇప్పుడు ఎక్కిద్దామంటే ఫోల్డరే లేదు. యూనేమ్ కమాండు చూపించిన, నడుస్తున్న కెర్నల్ నంబరూ, ఆ ఫోల్డర్ పేరూ పక్కపక్కన పెట్టి చూపిస్తే వాడికి అర్థమైంది. రీబూట్‌తో సరి. ఆర్చ్‌లో మామూలు కెర్నల్‌తో పాటు ఎల్‌టీఎస్ (లాంగ్‌టర్మ్ కెర్నల్) ప్యాకేజీ కూడా ఉంటుంది. రెండూ వేసుకోమని చెప్పాను, ఒకటి మొరాయించినా మెనూలో రెండోది ఉంటుంది. కొత్త కెర్నల్ వాడే ప్రతివాళ్లకీ నేను మొదట చెప్పేది ఈ ఒక్కటే.

లాంగ్‌టర్మ్ అంటే నిశ్చింత అనుకునేవాళ్లకి 2023 డిసెంబర్ గురించి చెప్పాలి. ఐదో తారీఖున మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. మా వైపూ కోతకొచ్చిన సార్వా చేలు పడుకున్నాయి, కల్లాల్లో ధాన్యం తడిసింది, చెరువుల దగ్గర జనరేటర్ల మీదే బతుకు. ఆ వారమంతా నా షాపులో తడిసిన సీపీయూలు విప్పి ఆరబెట్టడమే పని, ఏ మిషన్‌కీ అప్‌డేట్ మాటే లేదు. సరిగ్గా ఆ శనివారం, తొమ్మిదో తారీఖున, డెబియన్ 12.3 విడుదల ఆపేశారని కబురు. అందులో ఉన్న 6.1.64 కెర్నల్‌తో ఎక్స్‌టీ4 (లినక్స్‌లో డిస్కు మీద ఫైళ్లు అమర్చే మామూలు పద్ధతి) డిస్కుల మీద ఫైళ్లు పాడయ్యే ప్రమాదం ఉందట.

కారణం చదివితే ఒళ్లు జలదరించింది, అంత మామూలు కారణం. కొత్త కెర్నల్‌లో ఎక్స్‌టీ4కి ఒక సవరణ రాశారు, మంచి సవరణే. దాన్ని 6.1లోకి దించారు. కానీ ఆ సవరణ సరిగ్గా నడవాలంటే అంతకుముందు వేరేచోట జరిగిన ఇంకో మార్పు ఉండాలి. ఆ ముందుది కొత్త కెర్నళ్లలో ఉంది, 6.1లో లేదు. దాంతో డైరెక్ట్ ఐఓతో (మధ్యలో క్యాష్ లేకుండా నేరుగా డిస్కుకి) రాసే ప్రోగ్రాములకి ఫైల్లో తర్వాత ఎక్కడ రాయాలన్న లెక్క తప్పింది. తాజా కెర్నల్ వాడుతున్నవాళ్లకి ఏమీ కాలేదు, పాతదాన్ని నమ్ముకున్నవాళ్లకే దెబ్బ. మర్నాడే 6.1.66తో డెబియన్ 12.4 వచ్చింది. అందులో కొందరికి వైఫై మొరాయించింది, దానికి 6.1.67 వచ్చింది. ఒకే వారంలో మూడు.

చెరువు పెట్టె ఇందులో ఏదీ చూడలేదు. దానికి ముందు నుంచీ ఒక పద్ధతి పెట్టుకున్నాను: ఏ కెర్నల్ అప్‌డేటైనా ముందు షాపు మిషన్ మీద వేసి, వారం నడిచాకే చెరువు దగ్గరకి. డిసెంబర్ తర్వాత ఆ వారాన్ని ఇంకాస్త పొడిగించాను. భద్రతా సవరణలు ఆలస్యం చేయొచ్చా అని అడుగుతారు. ఆ పెట్టెకి బయట నుంచి తెరిచిన తలుపు ఒక్కటే, వైర్‌గార్డ్ అనే వీపీఎన్. అందులో ఎవరూ బ్రౌజర్ తెరవరు, మెయిల్ చదవరు. దానికి వారం పది రోజులు ఆగినా నష్టం లేదు. మేనల్లుడి లాప్‌టాప్ అలా కాదు, అది రోజంతా ఇంటర్నెట్‌లో తిరుగుతుంది, దానికి వచ్చింది వచ్చినట్టు వెయ్యాల్సిందే. 2024 ఫిబ్రవరి నుంచి కెర్నల్ బృందమే తన సీవీఈ నంబర్లు (భద్రతా లోపాలకి పెట్టే గుర్తులు) తాను ఇచ్చుకుంటోంది, అవి ఏడాదికి వేలల్లో వస్తున్నాయి. ఆ అంకె చూసి బెంబేలెత్తనక్కర్లేదు, మనం వాడని డ్రైవర్లవే అందులో బోలెడు.

"కొత్తది వేస్తే స్పీడు పెరుగుద్దా బావా?" అని బావగారు ఒకసారి అడిగారు, కొడుకు ఏదో నూరిపోసినట్టున్నాడు.

"నిమిషానికి ఒక అంకె చదివేదానికి స్పీడెందుకండి బావగారూ" అన్నాను. "అది పడిపోతే రాత్రిపూట గట్టు మీదకి కీబోర్డు పట్టుకుని వచ్చేది నేనే కదండీ."

నిజానికి నేను దేనికి ఏ కెర్నల్ అన్నది తేల్చుకున్నది ఆ మాట దగ్గరే. రెండు సంగతులు చూస్తాను. మిషన్‌లో ఉన్న చిప్పులు ఆ లాంగ్‌టర్మ్ కన్నా ముందువా, తర్వాతివా. బూట్ కాని రోజున దాని కీబోర్డు దగ్గర ఎవరుంటారు. లాప్‌టాప్ అయితే వాడేవాడు పక్కనే ఉంటాడు, మెనూలో పాతది ఎంచుకుంటాడు. గట్టు మీద పెట్టెకి అసలు మానిటరే లేదు.

మానిటర్ లేని పెట్టెకి కెర్నల్ మార్చే పద్ధతి కొంచెం వివరంగా రాస్తాను, చిన్న ఊళ్లలో ఇలాంటి పెట్టెలు ఇప్పుడు చాలా ఉన్నాయి. గ్రబ్ (బూట్ మెనూ చూపించి కెర్నల్‌ని లేపేది) సెట్టింగుల ఫైల్లో డిఫాల్ట్ అన్నచోట సేవ్‌డ్ అని పెట్టి, ఇప్పుడు బాగా నడుస్తున్న కెర్నల్‌ని డిఫాల్ట్‌గా ఖాయం చేస్తాను. కొత్తది పక్కన ఎక్కిస్తాను. ఆ తర్వాత గ్రబ్-రీబూట్ అన్న కమాండుతో వచ్చే ఒక్కసారికి మాత్రమే కొత్తది ఎత్తుకోమని చెప్తాను. కెర్నల్ లైన్‌లో ప్యానిక్=20 అని ఉంచుతాను, కెర్నల్ మధ్యలో కుప్పకూలితే ఇరవై సెకన్లాగి తనే రీబూట్ అవుతుంది, అప్పుడు పాతదే వస్తుంది. కెర్నల్ లేచి, డాంగిల్ మాత్రం లేవకపోతే? దానికో చిన్న స్క్రిప్టు, లేచిన పావుగంటలో వైర్‌గార్డ్ అవతలి కొస పలకకపోతే రీబూట్ కొట్టెయ్యమని. మళ్లీ పాతదే. ఒక మెలిక ఉంది. ఈ ఒక్కసారి అన్న గుర్తుని గ్రబ్ బూట్ అయ్యేటప్పుడు తనే చెరపాలి, అలా చెరపాలంటే ఆ డిస్క్ మీద అది రాయగలగాలి. డిస్కుల్ని కలిపి వాడే ఎల్‌వీఎం మీదా రెయిడ్ మీదా గ్రబ్ చదవగలదు గానీ రాయలేదు. అక్కడ ఒక్కసారి అన్నది ప్రతిసారీ అయిపోతుంది, పాతదానికి తిరిగి రాదు. అందుకని బూట్ ఫోల్డర్‌ని మామూలు ఎక్స్‌టీ4 పార్టిషన్ మీదే ఉంచాను. బయోస్‌లో కరెంటు తిరిగి రాగానే ఆన్ అయ్యేలా పెట్టడం చెప్పనక్కర్లేదు, మా ఊళ్లో అది లేకుండా ఏ పెట్టే నడవదు.

ఇదంతా కూడా పగలు పది తర్వాతే చేస్తాను. డీవో ఎక్కువుంటుంది, కుర్రాడు మెలకువగా ఉంటాడు, చేతి మీటరు వాడి జేబులో ఉంటుంది.

లాంగ్‌టర్మ్ ఎన్నాళ్లు నిలుస్తుందన్నది కూడా చూసుకోవాలి. ఒకప్పుడు ఆరేళ్లు ఇచ్చేవారు. 2023 సెప్టెంబర్‌లో స్పెయిన్‌లోని బిల్‌బావోలో జరిగిన సభలో కెర్నల్ వార్తలు రాసే జొనాథన్ కార్బెట్ ఆ గడువు మెల్లగా రెండేళ్లకి దిగుతుందని చెప్పాడు. అంత పాతవి వాడేవాళ్లు తక్కువ, మోసేవాళ్ల నడుములు విరుగుతున్నాయి అన్నది కారణం. 6.1కి 2027 డిసెంబర్ అని రాసి ఉంది, పైగా డెబియన్ 12ని డెబియన్ ఎల్‌టీఎస్ బృందం 2028 జూన్ దాకా చూసుకుంటుంది. చెరువు పెట్టె ఆ లోపు ఉప్పుకి తుప్పు పట్టి పోతుందని నా అంచనా. డిస్ట్రిబ్యూషన్ ఎల్‌టీఎస్, కెర్నల్ లాంగ్‌టర్మ్ ఒకటి కావని కూడా గమనించండి. ఉబుంటు 24.04 ఎల్‌టీఎస్ వచ్చింది 6.8తో. అది కెర్నల్.ఆర్గ్ లాంగ్‌టర్మ్ కాదు, అక్కడ 2024 మే నెలాఖరుకే ముగిసింది. ఉబుంటు తయారుచేసే కానానికల్ వాళ్లు తమ సొంత ఖర్చుతో దాన్ని మోస్తున్నారు. కాబట్టి ఉబుంటు వాడేవాళ్లు కెర్నల్.ఆర్గ్ పట్టికలో తమ నంబరు లేదని కంగారు పడి చేత్తో ఇంకోటి ఎక్కించుకోకండి.

2025 ఆగస్టులో డెబియన్ 13 వచ్చింది, 6.12 లాంగ్‌టర్మ్‌తో. ఆ 8852బీఈ ఉన్న లాప్‌టాప్ మోడలే తర్వాత నాలుగైదు నా షాపులో అమ్ముడయ్యాయి, లినక్స్ అడిగినవాళ్లకి ఇప్పుడు డెబియన్ 13 ఎక్కించి ఇస్తున్నాను. వైఫై తనంతట తనే వస్తుంది, బ్యాక్‌పోర్ట్స్ ఊసే లేదు. 2023లో కొత్త కెర్నల్ కోసం మేం చేసిన పరుగంతా ఈ లాంగ్‌టర్మ్ వచ్చేదాకా కాలక్షేపమే. అప్పుడు డెబియన్‌లోనే ఉండి ఉంటే మావాడూ 6.12 దగ్గర పరుగు ఆపేసేవాడు, బ్యాక్‌పోర్ట్స్‌లో వరసగా వచ్చినవి కూడా చివరికి అక్కడే ఆగాయి. వాడికి ఆగడం ఇష్టం లేదు, అది వేరే సంగతి.

బిల్లింగ్ డెస్క్‌టాప్‌లో ఆ పాత గ్రాఫిక్స్ కార్డు పీకేసి, బోర్డు మీదున్న డిస్‌ప్లేకే తీగ పెట్టాను. బిల్లుకి అంత కార్డు అక్కర్లేదు, బయటి డ్రైవర్ పీడా వదిలింది. ఇప్పుడది 6.12 మీద ఉంది.

బావగారు ఈ మధ్య రెండో చెరువు లీజుకి తీసుకున్నారు. దానికీ ఒక పెట్టె, దాంతో పాటు గట్టు మీద కెమెరాలు కూడా కావాలన్నారు. హైదరాబాద్‌లో ఎవరో కొత్త మినీ పీసీ చౌకగా ఇస్తానన్నారట, ఫొటో పంపించారు. పెట్టె పైనున్న బొమ్మ తప్ప ఏమీ కనపడట్లేదు. కొనే ముందు లోపలి నెట్‌వర్క్ చిప్ నంబరు, ప్రాసెసర్ నంబరు అడిగి పంపించమన్నాను. అవి 6.12 కన్నా ముందువైతే డెబియన్ 13 ఎక్కించి గట్టు మీద పెట్టేస్తాను. తర్వాతివైతే, ఎంత చౌకైనా ఆ పెట్టె వద్దు, కాస్త పాతది చూద్దామని చెప్పాను.